తలుపు నంబరు

"కట్! కట్! ఎవరా ముసలావిడ? జాంబీ ఎక్కడైనా తలుపు నంబరు నొక్కుతుందా?"

డైరెక్టర్ జేహ్వాన్ మైకులో అరిచిన అరుపుకి నలభైమంది జాంబీలు ఉలిక్కిపడ్డారు.

సియోల్‌లో బాగా ఖరీదైన అపార్ట్‌మెంట్ అది. షూటింగ్‌కి పన్నెండింటి దాకే అనుమతి. అది కూడా, ఫ్లాట్ల రేట్లు పడిపోతాయని అక్కడ ఉండేవాళ్లు గొడవపడి, సినిమాలో తమ బిల్డింగ్ పేరు కనబడదని రాయించుకున్నాకే.

జేహ్వాన్‌కిది మొదటి సినిమా. ఈ షాట్ రాకపోతే ఇంకో డైరెక్టర్‌ని పెట్టుకుంటానని నిర్మాత యోమ్ మేడమ్ పొద్దున్నే తేల్చేసింది.

"నీ జాంబీలు స్కూల్లో డ్రిల్లు చేస్తున్నట్టున్నారు," అంది నాలుగో టేక్ చూసి.

"ఇది ఉత్త దయ్యాల సినిమా కాదు మేడమ్. లోపలున్నవాళ్లు, బయటుండిపోయినవాళ్లు... కళంటే అదీ."

"కళ సరే. నాకు భయం వెయ్యొద్దూ?"

ఐదో టేకులో దాపురించింది ఈవిడ. ఒళ్లంతా బూడిదరంగు దుమ్ము. కుడికాలు ఈడుస్తోంది. అందరూ అద్దాల తలుపు మీద పడి అరుస్తుంటే, తను పక్కనున్న మీటల మీద తలుపు తెరిచే నంబరు నొక్కింది. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది. లోపలికి చూస్తూ నిలబడిపోయింది.

జేహ్వాన్ దగ్గరికెళ్లాడు. "పెద్దమ్మా, జాంబీకి బుర్ర ఉండదు. ఏదీ గుర్తుండదు. తెలిసిందా?"

ఆవిడ నడుం వంచింది. "తప్పయిందండీ. చేతికి అలవాటు."

"ఇవాళ నీతో పని లేదు, వెళ్లు."

"ఇవాళ పని లేదాండీ?" అని రెండుసార్లు అడిగి మరీ వెళ్లింది.

ఇంకో మూడు టేకులు తీశారు. ఒక్కటీ కుదరలేదు. పన్నెండయింది.

యోమ్ మేడమ్ అన్నీ మొదట్నుంచీ వేయించుకుని చూసింది. ఐదోదాని దగ్గర చెయ్యెత్తింది.

"ఇదేంటి?"

"పొరపాటండీ, ఆవిడ..."

"నువ్వాగు. మళ్లీ వెయ్యి."

మూడుసార్లు చూసింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"మా ఇంటికీ ఇలాంటి తలుపే. ఇవాళ ఎలా వెళ్తానో ఏమో," అంది మెల్లగా. "సినిమా నువ్వే చెయ్యి."

జేహ్వాన్‌కి ప్రాణం లేచొచ్చింది. అక్కడే నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వాడు. అంతలోనే లేచి పరుగెత్తాడు.

"ఆవిడ పేరు తెర మీద వెయ్యాలి! ఎవరు తీసుకొచ్చారు?"

మేకప్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "నేను నలభై మొహాలకే వేశానండీ. అందులో ఆవిడ లేదు."

జేహ్వాన్ గేటు దగ్గర వాచ్‌మన్ తాతని పట్టుకున్నాడు.

"ఓ, పేక్ అమ్మా? ఏడేళ్లుగా ఇక్కడ మెట్లు తుడుస్తోంది. పొద్దున్నే కింద పార్కింగ్ ఊడ్చి ఆ దుమ్ముతోనే పైకొస్తుంది. మీ గోల మీది, ఆవిడ పని ఆవిడది. పోయిన వారం తలుపు నంబరు మార్చారు బాబూ. రోజూ పాతదే నొక్కి, ఎవరో ఒకరు తీసేదాకా అలా నిలబడుతుంది. కొత్త నంబరు ఆవిడకి చెప్పాలని లోపలివాళ్లెవరికీ గుర్తుండదు."