పాటలో పడ్డ పిలుపు

"మళ్ళీ కుక్కర్ ఎందుకు ఆపావే? పప్పు పలుకుగానే ఉంది," అని తండ్రి కంచాల్లో వడ్డిస్తూ కూతురి మీద సణిగాడు.

"విజిల్ నా రికార్డింగులో పడుతోంది నాన్నా."

"నువ్వు ముసుగేసుకుని గోదాముల్లో పాడే ర్యాప్ పాటలకి ఇంత రాజమర్యాదా? మీ అమ్మ ఉంటే మొట్టేది."

"మొట్టేది కాదు. పాట మధ్యలో తలుపు బయటనుంచి అన్నానికి పిలిచేది. నా మొదటి పాట రికార్డింగు అలాగే పాడైంది."

తండ్రి చేతిలో గరిటె ఆగింది. భార్య పోయాక ఇంట్లో ఆమె ఫొటోలు మిగిలాయి గాని, గొంతు మిగల్లేదు.

"ఆ పాడైన పాట... ఉందా?"

కూతురు ఫోను తెచ్చి కంచాల మధ్య పెట్టింది. పాట వడివడిగా సాగుతుండగా, "అన్నం చల్లారిపోతోంది, ఇద్దరూ రండి," అని అమ్మ పిలిచింది.

"ఆఁ, వస్తున్నా," అన్నాడు తండ్రి, అలవాటుగా.

కూతురు పాట ఆపి చెప్పింది: "ఇకమీద కుక్కర్ ఆపను నాన్నా. విజిలూ పడనీ, నీ సణుగుడూ పడనీ."