ఒప్పుకునే డ్రైవరు

"వెయ్యనంటే వెయ్యను," అన్నాడు యలమంద.

ఒంగోల్లో ప్లీడరు శివరామకృష్ణగారి ఆఫీసు. బల్ల మీద వకాల్తా కాయితం, పక్కన ఇంకు ప్యాడు. వేలిముద్ర వెయ్యడమే తరువాయి. ఆ వేలేమో పిడికిట్లోంచి బయటికి రానంటోంది.

భార్య కోటేశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

"ఏందయ్యా నీ పంతం? యాక్సిడెంట్ కేసులకి ఈయన్ని మించినోడు లేడని పదిమందీ చెబితేనే గదా, మార్టూరు నుంచి పడుతూ లేస్తూ వచ్చింది! కాలు పోయినా పొగరు పోలా నీకు!"

అనేసింది గానీ, మోకాలి కింద ఏమీ లేని ఆ చోటు కళ్ళబడి నాలిక్కరుచుకుంది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ప్లీడరుగారికి కోపం రాలేదు. ఇలాంటి కాళ్ళూ చేతులూ ఎన్ని చూసుంటారాయన!

"చూడు యలమందా. సైకిలు మీద పోతుంటే హైవే మీద లారీ గుద్దేసి పోయింది. నంబరు నువ్వు చూళ్ళేదు, మనిషినీ చూళ్ళేదు. పోలీసులు గుర్తు తెలియని లారీ అని రాసుకున్నారు. అది దొరక్కపోతే నీకొచ్చేది పన్నెండున్నర వేలు. అదే, ఇన్సూరెన్సున్న లారీ ఒకటి చూపించి, దాని డ్రైవరు నేనే గుద్దానని ఒప్పుకున్నాడనుకో, మూడు లక్షలకి తగ్గకుండా ఇప్పిస్తా. గెలిస్తేనే నాకు ఫీజు."

"గుద్దనోణ్ణి గుద్దాడని ఎట్టా చెప్పేదండీ?"

"నోటితోనే!"

"ఎగతాళి కాదండీ. బోనెక్కి, ఇడుగో వీడే అని ఒకడి మొహం మీద వేలు పెట్టి చూపించాల. ఆడికీ పెళ్ళాం బిడ్డలుంటారు. రేపు ఆడికి జైలు పడితే?"

"పడదయ్యా. ఫైను కట్టి ఇంటికి పోతాడు."

"పడితే?"

ప్లీడరుగారు ఫ్యాను వంక చూశారు.

కోటేశ్వరి భోరుమంది. "రాళ్ళ పాలిషింగు పని పొద్దస్తమానం నిలబడి చేసేదయ్యా! ఒంటికాలితో నిన్నెవడు రానిస్తాడు? నేను మిరపకోతలకి పోతే రెండు నెలలు గడుస్తాయి. తర్వాత? నీ ధర్మం ఎసట్లో పోసి ఉడకేసుకుందామా?"

యలమంద తల దించుకున్నాడు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఈ ఎద్దుకేమో తన పుండు తనకుండగా ఊళ్ళోవాళ్ళ పుండు కూడా నొప్పే. అదీ అతని ఖర్మ.

"సరేనయ్యా, నా మాట వద్దు," అన్నారు ప్లీడరుగారు. "మా గుమాస్తా నీ యాక్సిడెంటు సంగతి చెప్పి లారీ స్టాండులన్నీ తిరిగితే, ఒక్కడు ఒప్పుకున్నాడు. బయటే ఉన్నాడు. బలవంతమో ఇష్టమో నువ్వే అడిగి తెలుసుకో. మాబూ! లోపలికి రా!"

ముప్పై ఏళ్ళవాడు, బక్కపల్చటి మనిషి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఏం తమ్ముడూ, నిన్నెవరన్నా బెదిరించారా?" అడిగాడు యలమంద.

"లేదన్నా."

"అప్పులో ఉన్నావా?"

"లేదన్నా."

"మరి దీనికి ఎంత తీసుకుంటున్నావు?"

ప్లీడరుగారే అందుకున్నారు.

"ఇస్తానన్నా వద్దన్నాడయ్యా! ఈ రోజుల్లో ఇట్టాంటోళ్ళు ఎక్కడున్నారు? దేవుడు పంపించాడనుకో. ముద్ర వేసెయ్."

కోటేశ్వరి ఆ కుర్రాడికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మాబు గభాలున మొహం తిప్పుకున్నాడు.

యలమందకి కళ్ళు చెమర్చాయి. ముక్కూ మొహం తెలియనివాడు తన కోసం నేరం నెత్తినేసుకుంటాడా! ఆ మంచితనం చూశాక అతని మనసు ఇంకా బిగిసిపోయింది. చంక కర్ర అందుకుని, గోడ పట్టుకుని లేచాడు.

"ఇంత మంచోణ్ణి దోషిని చేసి నేను తినలేనండీ. కూడు సహించదు. కోటేశ్వరీ, పద."

"నన్ను చంపి పోవయ్యా!" అంటూ కోటేశ్వరి కూలబడిపోయింది.

యలమంద ఆగలేదు. ఒక్కో అడుగే వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చి, మాబు భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు సల్లగుండాల తమ్ముడూ. చెయ్యని తప్పు ఎప్పుడూ ఒప్పుకోబాక. ఇంటికి పో."

మాబు పోలేదు. దారికి అడ్డంగా కూర్చుని, యలమందకున్న ఒక్క కాలూ రెండు చేతులా పట్టుకున్నాడు.

"ముద్ర వెయ్యన్నా. ఆ రోజు లారీ ఆపి దిగాను. నువ్వు కళ్ళు తెరవకుండానే మంచినీళ్ళడిగావు. సీసా నా చేతిలోనే ఉందన్నా... ఇవ్వకుండా పారిపోయాను."