చిలకమ్మ దిగలేదు

“దిగవే. ప్రదీప్ బాబు వ్యాన్ తెచ్చినాడు,” అన్నాడు నూకయ్య.

కాసాయి నది ఒడ్డున కట్టిన మోటారు బోటులో కూర్చున్న చిలకమ్మ కదల్లేదు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో రిటైరయ్యాక నూకయ్య ఆ బోటు కొన్నది ఆదివారాలు భార్యతో షికారు వెళ్లడానికి. పెట్రోలు ధర పెరిగేకొద్దీ షికార్లు తగ్గాయి. ఈ ఏడు ఒక్కసారీ వెళ్లలేదు. గోల్‌బజార్ వ్యాపారి ప్రదీప్ అడిగితే బోటు ఇచ్చేస్తానన్నాడు.

“నువ్వేటి చేస్తావు బాబూ దీన్ని?” అంది చిలకమ్మ.

“మా కొత్త హోటల్ ముందు పెడతాం పిన్నీ. పిల్లలు అందులో కూర్చుని ఐస్‌క్రీం తింటారు.”

“నేల మీదా?”

“పెట్రోలు పొయ్యలేం కదే. కండెం అయిపోనాది,” అన్నాడు నూకయ్య. పనికిరాదని తుక్కులో వేసే బండిని రైల్వేవాళ్లు అనే మాట అది.

“అడుగునుంచి నీరొస్తందా?”

“లేదు.”

“సెక్క కుళ్లినాదా?”

“లేదు.”

“మరి కండెం ఎలాగయినాది? నడవని ఇంజన్ని డెడ్ అంటారు. ఇంకో ఇంజన్ తగిలించి లాక్కెళ్తారు. నువ్వే కదా సెప్పినావు?”

“దీన్నెవరు లాగుతారు పిన్నీ?” ప్రదీప్ నవ్వాడు.

“నాను.” చిలకమ్మ పక్క పడవలోని బెంగాలీ జాలరి వైపు చెయ్యి చాపింది. “దాదా, ఆ తెడ్డు ఇలాగియ్యి.”

నూకయ్య ప్రదీప్‌ను వ్యాన్ తీసుకెళ్లిపొమ్మన్నాడు. ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి, బోటు తాడు విప్పాడు.

“దాదా, ఒకటి సాలదు. నాకూ ఒకటియ్యి,” అన్నాడు.