పొగలేని ఆదివారం

ఆ ఆదివారం పొద్దున ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. మచ్చుకైనా మబ్బు లేదు. అందువల్ల అయిదో అంతస్తు బాల్కనీలోంచి లేచిన నల్లటి పొగ అందరి కంటా పడింది.

తలుపు తట్టింది అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ. రైళ్లలో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరయ్యాడు. టికెట్ లేనివాణ్ణి పట్టుకున్నప్పటి ముఖం మాత్రం ఇంకా రిటైరు కాలేదు.

"బాల్కనీలో గ్యాస్ గ్రిల్లు పెట్టకూడదని కింద బోర్డు పెట్టాం కదయ్యా. ఇప్పుడు ఫిర్యాదు కూడా వచ్చింది. సిలిండరు ఈ క్షణం కిందికి దిగాలి."

ఇంటాయన వెల్డరు. వారమంతా ఇనుము అతికిస్తాడు, ఆదివారం కోడి కాలుస్తాడు. చేతిలో పట్టకారు అలాగే ఉంది.

"ఎవరిచ్చారు సార్ ఫిర్యాదు? పైనున్న టీచరమ్మేనా?"

"పేర్లు చెప్పడం సంఘం పద్ధతి కాదు. కరెంటు గ్రిల్లు కొనుక్కో, ఎవరూ కాదనరు. మధ్యాహ్నం నేనే వచ్చి చూస్తాను. పిసరంత పొగ కనబడిందా, ఇక ఈ బాల్కనీలో బట్టలారేసుకోవడం తప్ప ఇంకేం చెయ్యనివ్వను."

సెక్రటరీ మెట్లు దిగాక వెల్డరు పైకప్పుకేసి పట్టకారు ఆడించాడు. "ఆవిడే! నా వాళ్లకి నేను వారానికి ఒక్కపూట వండిపెట్టుకుంటే ఆవిడ సొమ్మేం పోయింది?"

"ఎవరి కడుపుమంటో ఏమో. ఊరుకో నాన్నా," అంది కుర్చీలో కూర్చున్న తల్లి.

"ఆవిడ సంగతి అటుంచండి," అంది భార్య. "రెండు పక్కలా బొగ్గు, మధ్యలో పచ్చి. నేను చాకుతో గీక్కుని తింటున్నాను, తెలుసా?"

"నీకు రుచి తెలిసి చస్తేగా! మా అమ్మనడుగు."

"నీ చేతి ముక్కే వేరు నాన్నా," అంది తల్లి.

మొగుడూ పెళ్లాలు వెళ్లిన కొట్లో బల్లమీద రెండు కరెంటు గ్రిల్లులున్నాయి. కుర్రాడు పల్చటిదాన్ని ఒక్క చేత్తో ఎత్తి చూపించాడు. "ఇది తీసుకోండి సార్. పూచికపుల్లంత బరువు."

వెల్డరు వేలి కణుపుతో పలకమీద కొట్టి విన్నాడు. "రేకు. చల్లటి ముక్క పడితే అదీ చల్లబడుతుంది. అవతలిది?"

"దళసరి పోత ఇనుము సార్. కానీ వేడెక్కడానికి పావుగంట పడుతుంది."

"నిదానంగా ఎక్కిన వేడి నిదానంగానే దిగుతుంది. పొగ?"

"కింద ట్రేలో నీళ్లు పోయండి. కొవ్వు కారి అందులో పడుతుంది, పొగ రాదు. ఇంట్లో లావు ప్లగ్గు పాయింటు ఉందా సార్?"

"నేనే పెట్టాను. అది సరే, మంటేదయ్యా?"

"మంట ఉండదు సార్. ఈ ఎర్రదీపం పచ్చగా మారితే ముక్కలు వెయ్యడమే."

"మంట లేకుండా దీపాన్ని చూసి వండాలా నేను?"

"ఇన్నాళ్లూ దేన్ని చూసి వండారో," అంది భార్య.

వెల్డరు దాని ప్లగ్గు అక్కడే పెట్టించి, పావుగంట కాచుకుని, నాలుగు నీటిచుక్కలు చిలకరించాడు. అవి గోళీల్లా దొర్లి మాయమయ్యాయి. అతను డబ్బు కట్టి, అది చల్లారాక గ్రిల్లుని భుజాన వేసుకున్నాడు. శత్రువుని కట్టేసి తెస్తున్నవాడిలా ఇంటికి నడిచాడు.

మధ్యాహ్నం పలక వేడెక్కింది. ముక్కలు పడ్డాయి, పైన మూత పడింది. పెంచడానికి మంట లేదు, తగ్గించడానికీ లేదు. చేతులు ఊరుకోక వెల్డరు మాటిమాటికీ మూత ఎత్తబోయాడు. ఎత్తబోయినప్పుడల్లా భార్య గరిటెతో చేతిమీద ఒకటి వేసింది.

సెక్రటరీ చెప్పిన వేళకే వచ్చాడు. బాల్కనీ నాలుగు మూలలా వాసన పీల్చాడు. కటకటాలమీంచి వంగి పైకీ కిందికీ చూశాడు. ఆకాశం పొద్దుటిలాగే ఖాళీగా ఉంది.

"పొగైతే లేదు," అన్నాడు, ఓడిపోయినట్టు.

"రుచి కూడా ఉండదు సార్. కూర్చోండి, మీరే చూద్దురుగాని," అన్నాడు వెల్డరు.

నలుగురూ బల్లచుట్టూ కూర్చున్నారు. ఎప్పటిలాగే మొదటి ముక్క తల్లికి వేశాడు. తక్కిన ఆదివారాలు ఈపాటికి తల్లి "ఆహా" అనేది, భార్య మంచినీళ్లు అడిగేది, ఏదో ఒక గోల నడిచేది. ఇవాళ ఎవరూ నోరెత్తలేదు. తల వంచుకుని నలుగురూ తిన్నారు. ఎముకలు పళ్లేలకి తగిలిన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

వెల్డరు తన పళ్లెంలోకే చూస్తూ ఉండిపోయాడు. మంట పోతే ఇంతే. ఒక్క మంచిమాటకి కూడా ఎవరికీ మనసు రాలేదు. వచ్చే ఆదివారం నుంచి బాల్కనీలో బట్టలే ఆరేసుకోవాలి కాబోలు అనుకుంటూ తలెత్తాడు. గిన్నె అడుగున ఒకే ఒక్క ముక్క మిగిలింది. భార్య చాకు బల్లమీద శుభ్రంగా ఉంది. ఎన్నడూ రెండోసారి వడ్డించుకోని తల్లి పళ్లెం ముందుకి జరిపి, కొడుకు ముఖం చూడకుండా, ఆ ముక్కకేసి చూస్తోంది.

సెక్రటరీ నాలుగు వేళ్లూ నాక్కున్నాడు. తిండి మైకంలో సంఘం పద్ధతి మరిచిపోయి తల్లివైపు తిరిగాడు.

"మరైతే పెద్దమ్మగారూ, మీ ఫిర్యాదు చింపెయ్యమంటారా?"