ముట్టుకున్న వరసలో

జిమ్‌లో అతని పేరు శానిటైజర్ బాబాయ్. "ముట్టుకున్నది తుడిచి కదలండ్రా, పందుల్లారా!" అని అందరి మీదా విరుచుకుపడేవాడు. యజమాని విసిగిపోయి తాళంచెవి ఇచ్చేశాడు. "అందరూ పోయాక రండి బాబాయ్, మా ప్రాణాలు తియ్యకండి."

ఆ రాత్రి లోపల గడియ పెట్టి, బెంచీ మీద పడుకుని డంబెళ్లు ఎత్తాడు. ఏదీ తుడవలేదు. తన చెమట తనకి మురికేమిటి?

వెనక స్ప్రే సీసా బుస్సుమంది. తిరిగి చూస్తే గడియ తడిగా మెరుస్తోంది. ఎవరూ లేరు. మళ్లీ బుస్సుమంది. ఈసారి బెంచీ. తర్వాత డంబెళ్లు. అతను ముట్టుకున్నవన్నీ, ముట్టుకున్న వరసలోనే.

కేక రాకుండా రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. చివరగా ముట్టుకున్నదేమిటో అప్పుడు తట్టింది.

"తుడిచేదాకా కదలకండి బాబాయ్," అంది చెవి పక్కన ఓ గొంతు.