జాలి ముఖం

"ఏడుపు అదరగొట్టేశారండీ! కళ్ళు కూడా నిజంగానే ఎర్రబడ్డాయే!"

పార్లరక్క చప్పట్లు కూడా కొట్టింది. ఎదురు కుర్చీలో ఉన్న ఆవిడ చేతిరుమాలు ముఖం మీదే ఆగిపోయింది. ఒక్క క్షణం బిత్తరపోయి చూసి, బ్యాగు లాక్కుని విసురుగా బయటికి వెళ్ళిపోయింది.

ఆ తలుపు మూతపడకముందే ఒక బక్కపల్చటి మనిషి రొప్పుతూ లోపలికి దూరాడు.

"సారీ మేడమ్, బస్సు తప్పిపోయింది. నాటకాలవాణ్ణి. మీ పరీక్షలో పేషెంటు వేషం నాదే. ఏడుపుతో మొదలెట్టనా, మౌనంతోనా?"

పార్లరక్క తలుపువైపు తిరిగింది. "మరి ఇప్పుడు వెళ్ళినావిడ?"

"నాకేం తెలుసండీ? కళ్ళు తుడుచుకుంటూ మెట్లవైపు వెళ్ళింది పాపం."

బ్యూటీ పార్లరు నడుపుకుంటూనే ఈ కాలేజీలో కౌన్సెలింగ్ కోర్సు చదువుతోందామె. ప్రాక్టికల్ ఒకసారి తప్పింది. పేషెంటుకు మాట్లాడే సందే ఇవ్వలేదట. ఈసారీ తప్పితే సీటు ఊడినట్టే. ఎగ్జామినర్ పక్కగదిలోంచి కెమెరాలో చూస్తుంటారన్న ధ్యాసలో, ఇందాక ఆవిడ వచ్చి కూర్చోగానే, "చెప్పండి, మీ మనసులో ఏముంది?" అని పాఠం ఒప్పజెప్పినట్టు అడిగింది. ఆవిడ బావురుమంటే, తను జాలి ముఖం పెట్టి కెమెరావైపు తిప్పింది! తలుచుకోగానే సిగ్గుతో చితికిపోయింది.

"మధ్యలో లేచిపోతే ఫెయిలే మేడమ్!" అన్నాడు నాటకాలాయన.

"తెలుసు!" అంటూ పరిగెత్తింది.

మెట్ల మీద ఆవిడ పక్కనే చతికిలబడింది. "నటి అనుకున్నానండీ. మీ మాట ఒక్కటీ చెవికెక్కలేదు. నా మార్కుల గోల నాది. చెప్పు తీసుకుని కొట్టండి."

"చెప్పులు కొత్తవి," అందావిడ ముక్కు తుడుచుకుంటూ.

"మళ్ళీ చెబుతారా? ఈసారి నోరెత్తను."

ఆవిడ చేతిరుమాలు మడతపెడుతూ మొదలెట్టింది. "మా చెల్లెలు నిన్న నిద్రమాత్రలు మింగేసింది. బతికిందిలెండి. మింగేముందు నాకు ఫోన్ చేసింది. ఊళ్ళోవాళ్ళందరి ఫోన్లూ ఎత్తుతాను. దానిది మాత్రం, ఎప్పుడూ ఉండే ఏడుపేగా అని పక్కన పడేశాను. ఏ ముఖం పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళను?"

పార్లరక్క నోటిదాకా వచ్చిన సలహాలన్నీ మింగేసింది. పైనుంచి నాటకాలాయన కేకేశాడు: "మేడమ్, ఇంకా రాకపోతే పరీక్ష గోవిందా!"

ఆమె కదల్లేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. వెక్కిళ్ళు మెల్లగా తగ్గాయి.

"నా చెల్లెలి దగ్గరికి వెళతాను," అందావిడ లేస్తూ. "పాపం, మీ పరీక్షే పాడు చేశాను."

"పోనివ్వండి. ఎగ్జామినర్ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది. "వద్దు తల్లీ! పేషెంటు ఇంకా రాలేదని చెప్పడానికొచ్చి, మీరడగ్గానే ఏడ్చేశాను. ఇంకొకర్ని పంపమంటాను. మీ పేషెంటునయ్యాక నేను మీకు మార్కులు వేయకూడదు."