వడ్రంగిపిట్ట గారి శిష్యులు

పిచ్చుక తన పిల్లలిద్దరికీ మృదంగం నేర్పించాలనుకుంది. నేను నేర్పుతానంటూ గోరువంక వచ్చి కొమ్మ మీద దర్జాగా కూర్చుంది.

"మీ గురువెవరండీ?" అని అడిగింది పిచ్చుక. వాకబు చెయ్యనిదే ఎవరినీ నమ్మే రకం కాదది.

గోరువంక రెక్కలు జోడించి కళ్ళు మూసుకుంది. "వడ్రంగిపిట్ట గారు. మూడు వానాకాలాలు ఆయన పాదాల దగ్గరే కూర్చున్నాను."

పిచ్చుక తిన్నగా వడ్రంగిపిట్ట దగ్గరికి ఎగిరి వెళ్ళి, అది నిజమేనా అని అడిగింది.

"కూర్చున్న మాట నిజమే," అంది వడ్రంగిపిట్ట. "నేను పురుగుల కోసం మాను పొడుస్తుంటే, కింద చేరి రాలినవి ఏరుకు తినేది. మృదంగం ఏమిటమ్మా?"

"అదేమిటండీ, మీరు రోజూ వాయించేది మృదంగమనే కదా అడవంతా అనుకుంటోంది. మీ అంత విద్వాంసులు ఇంకెక్కడా లేరని గోరువంక అందరికీ చెబుతోంది."

వడ్రంగిపిట్ట ముక్కు మానుకేసి తుడుచుకుంది. తలమీది కుచ్చు సవరించుకుంది.

"దానికింకా తాళం కుదరలేదు. తొందరపడి వెళ్ళిపోయింది," అంది చివరికి. "పిల్లల్ని నా దగ్గరికే పంపించు."

ఆ వానాకాలమంతా పిచ్చుక పిల్లలు ఆ చెట్టు కిందే గడిపాయి. పురుగులు తిని రెండూ బొద్దుగా తయారయ్యాయి. నేర్చుకున్నది కాస్త వాయించి చూపించమని తల్లి అడిగితే, రెక్కలు జోడించి, కళ్ళు మూసుకుని, గురువుగారి పేరు చెబుతున్నాయి.